గాజు తొట్టిలో చెరువు గట్టు

పోయిన వేసవిలో మావాడు తెచ్చుకున్న రెండు గోల్డ్ ఫిష్‌లూ వారం తిరక్కుండానే చచ్చిపోయాయి. వాడు రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. రోజూ తొట్టి తోమి, కుళాయి నీళ్ళు మార్చానండీ. అదే తప్పట!

1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ తన ప్రయోగం గురించి రాశాడు. పన్నెండు గ్యాలన్లు పట్టే పాత్రలో నీళ్ళు పోసి రెండు గోల్డ్ ఫిష్‌లు, వాలిస్నేరియా అనే నీటి మొక్క పెట్టాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువు చేపకి, చేప విసర్జించేది మొక్కకి. అయినా ఆకులు కుళ్ళి నీళ్ళు మురికయ్యాయి. కొన్ని నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళు తిన్నాయి, వాటి గుడ్లు చేపలు తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి.

ఇది చదివి వినిపిస్తే మా అత్తయ్య నవ్వారు. "మన మంచినీళ్ళ చెరువుని ఎవరు తోమారమ్మాయ్?"

నిజమే. 1967లో సాగర్ కుడి కాలవకి నీళ్ళు వదిలారు. తర్వాత్తర్వాత మా మిరప చేల ఊరికీ కాలవ వచ్చింది, చెరువు ఆ నీళ్ళతోనే నిండేది. గట్టు వెంట తుంగ, జమ్ము. బిందె ముంచేముందు నాచు పక్కకి తోసేవాళ్ళం, అంతే.

ఇప్పుడు తొట్టి అంచున తుంగ దుబ్బు, మనీ ప్లాంటు పెట్టాను. వేళ్ళు నీళ్ళలో, ఆకులు పైన. దీన్ని రిపేరియం అంటారట. చేపలు ఇప్పుడే వద్దంటున్నాడు మావాడు. నత్తల్ని మాత్రం రోజూ లెక్కపెడుతున్నాడు.