సంస్కృత వర్ణములు - తెలుగు అక్షరములు

అక్షరమాల వల్లించు బాలునికి 'క' తరువాత 'ఖ' యెందుకు వచ్చినదో సాధారణముగా ఎవరును చెప్పరు. రోమను లిపిలో 'ఎ' తరువాత 'బి' వచ్చుటకు ధ్వనిపరమైన కారణమేమియు లేదు. మన వరుస అట్టిది కాదు. అది నోటిలో ధ్వనులు పుట్టు తీరునుబట్టి ఏర్పరచిన పట్టిక.

వేదమును లిపి సాయము లేకుండ ఒక తరమువారి నోటినుండి మరియొక తరమువారి చెవికి అందింపవలసి వచ్చినందున ఉచ్చారణ శాస్త్రవిషయమైనది. శిక్షలు, ప్రాతిశాఖ్యలు అను గ్రంథములు దానినే చర్చించును. వాటి ననుసరించి 'క' మొదలు 'మ' వరకు గల ఇరువదియైదు వర్ణములు స్పర్శములు. అనగా నోటిలో ఒక భాగము మరియొకదానిని తాకగా పుట్టునవి. క-వర్గము కంఠమునందు, చ-వర్గము తాలువునందు, ట-వర్గము అంగిలి పైభాగమునందు, త-వర్గము దంతములయందు, ప-వర్గము పెదవులయందు పుట్టును. గొంతునుండి బయలుదేరి పెదవులవరకు వచ్చు ప్రయాణమే ఈ వరుస.

ప్రతి వర్గములోని అయిదు వర్ణములకును క్రమము కలదు. గొంతుపై వ్రేలుంచి 'అక', 'అగ' అని పలికి చూడుడు. 'క' వద్ద గొంతులోని కంపనము క్షణకాలమాగును. 'గ' వద్ద ఆగదు. మొదటిది శ్వాసవర్ణము, రెండవది నాదవర్ణము. పెదవుల ముందు సన్నని కాగితపు ముక్క నుంచి 'ప', 'ఫ' అనినచో రెండవదానికి కాగితము ఎక్కువగా కదలును. ఊపిరి అధికముగా వెలువడుటచే అది మహాప్రాణమైనది. ముక్కుగుండ గాలి పోయినచో అయిదవదైన అనునాసికము పుట్టును. పాశ్చాత్య పండితులు 19వ శతాబ్దమున ఈ గ్రంథములను పరిశీలించిరి. విట్నీ 1871లో తైత్తిరీయ ప్రాతిశాఖ్యను అనువాదముతో ప్రకటించెను.

ఇది ధ్వనుల కథ. లిపి కథ వేరు. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరికిన ధాతుకరండములపై బ్రాహ్మీలిపి కలదు, భాష ప్రాకృతము. ప్రాకృతమున ఋ, ఐ, ఔలును, విసర్గయును లేవు. సంస్కృతము వ్రాయుటకు ఈ గుర్తులన్నియు కావలసెను. గుంటూరు జిల్లా చేబ్రోలున దొరికిన శాతవాహన రాజు విజయుని శాసనము సంస్కృతములో నున్నది. అది క్రీ.శ. 207 నాటిదని పురావస్తుశాఖవారు 2019లో ప్రకటించిరి. బ్రాహ్మినుండి క్రమముగా రూపొందిన తెలుగులిపి సంస్కృత వర్ణములన్నిటికిని చోటిచ్చినది. తమిళ లిపిలో మహాప్రాణములకు వేరు గుర్తులు లేనందున తమిళదేశమున సంస్కృతమునకై గ్రంథలిపి వాడుకలోనికి వచ్చెను. తెలుగువారికి అట్టి అవసరము కలుగలేదు. తాళపత్రములపైనను, తరువాత 1854లో మద్రాసున స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయము వంటి వాటిలోను సంస్కృత గ్రంథములు తెలుగు అక్షరములతోనే వెలువడినవి.

అయితే అక్షరము లిపిలో నున్నంతమాత్రమున ధ్వని నోటిలో నుండదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని లెక్కించెను. మహాప్రాణములు, ఋ, శ, ష, విసర్గ మున్నగునవి తత్సమ పదములతో వచ్చినవి. హ్రస్వమైన ఎ, ఒలు తెలుగునకు చెందినవి. సంస్కృతమున ఏ, ఓలు దీర్ఘములే.

వచ్చిన అక్షరములు నిలిచినవిగాని ధ్వనులు జారినవి. 'ఋషి'ని మనము 'రుషి' అందుము. ఉత్తరాదివారు 'రిషి' యందురు. 'బ్రహ్మ' మన నోట 'బ్రమ్హ' యగును. 'దుఃఖము'లోని విసర్గ 'దుక్ఖము'గా మారును. 'ఆఫీసు', 'ఫీజు' వంటి మాటలకు 'ఫ'ను వాడుటచే, పెదవులు కలిపి పలుకవలసిన 'ఫలము'ను కూడ పలువురు పంటితో పెదవి నొక్కి పలుకుచున్నారు. ఇది కేవలము చెవి కింపు సమస్య కాదు. 'సకలము' అనగా సమస్తము, 'శకలము' అనగా ముక్క. 'స్వజనము' అనగా తనవారు. 'శ్వజనము' అనినచో కుక్కల మందయే.

నేడు హైదరాబాదులో ఇంటర్మీడియట్ ద్వితీయభాషగా సంస్కృతము నెన్నుకొను విద్యార్థులు అనేకులు కలరు. వీరిలో పెక్కుమంది దేవనాగరిని చూచి జంకుదురు. నిజమునకు అది పెద్ద అడ్డంకి కాదు. వరుస ఒక్కటే, వర్గములు ఒక్కటే, గుణింతపు పద్ధతియు ఒక్కటే. మారునది ఆకారము మాత్రమే. కష్టమంతయు ఉచ్చారణలో నున్నది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై అయిదు వరుసలు, అయిదు నిలువు గడులు గీచి, ప్రతి గడిలోని వర్ణమును విద్యార్థులచే పలికించి, నాలుక ఎక్కడ తాకినది, గొంతు కదలినదా, ఊపిరి ఎంత వెలువడినది అని అడిగిన చాలును. ఇందులకు పరికరము లక్కరలేదు. ఒక వ్రేలును, ఒక కాగితపు ముక్కయు చాలును. అట్లు నేర్చిన విద్యార్థికి ఇరువదియైదు అక్షరములు కంఠస్థము చేయవలసిన జాబితాగా గాక, తన నోటి పటముగా కనబడును.