చలనచిత్ర బహుమానములు: ఆదరము, ఉపేక్ష

చలనచిత్ర బహుమానములు ప్రకటించిన రాత్రి వార్తలు ముగియగనే, వికారాబాదులోనైనను తాండూరులోనైనను, రేడియో చుట్టు కూర్చున్నవారిలో వాదము పుట్టుట సహజము. "ఆ చిత్రమునకేల ఇచ్చిరి? ఈ చిత్రమునకేల ఇయ్యరైరి?" అను ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానమున్నది.

మన ప్రభుత్వము చలనచిత్రములకు బహుమానములిచ్చుట 1954లో, ముందటి యేటి చిత్రములతో ప్రారంభమైనది. కావున 1951 నాటి 'మల్లీశ్వరి'కి ఆ అవకాశమే లేకపోయినది. 1954 నాటి చిత్రములలో కె. వి. రెడ్డిగారి 'పెద్దమనుషులు' తెలుగున ఉత్తమచిత్రముగా రజతపతకము నందుకొన్నది. ఆయనయే 1957లో 'మాయాబజార్' తీసిరి. ఆ యేటి తెలుగు చిత్రములలో జాతీయ గౌరవము బి. ఎన్. రెడ్డిగారి 'భాగ్యరేఖ'కు దక్కినది. అదియు యోగ్యమైన చిత్రమే. కాని 2013లో ఒక జాతీయ టెలివిజను సంస్థ ప్రేక్షకుల నడిగినప్పుడు, భారతీయ చిత్రములన్నిటిలో ప్రథమస్థానము 'మాయాబజార్'కే లభించినది.

ఇక నటుల మాట. 'నర్తనశాల'లో కీచకపాత్రకు ఎస్. వి. రంగారావుగారు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటులైరి. అప్పటికి మన జాతీయ బహుమానములలో నటులకు విభాగమే లేదు. అది 1967 నాటి చిత్రములతో మొదలైనది. తెలంగాణపు గడీలోని దాస్యమును చూపిన 'దాసి'లో నటనకు 1988వ సంవత్సరపు ఉత్తమనటి బహుమానము అర్చనగారికి లభించినది. తెలుగు చిత్రములోని నటునకు అట్టి గౌరవము 'పుష్ప'తో 2023లో గాని ప్రకటింపబడలేదు.

ఆస్కారు పోటీలో అంతర్జాతీయ చిత్రముల విభాగమునకు ఒక్కొక్క దేశము ఒక్క చిత్రమునే పంపవలెను. ఇన్ని భాషలున్న మన దేశమున కది యిరుకుద్వారము. 1986లో 'స్వాతిముత్యము' ఆ ద్వారము దాటి వెళ్లినను తుదిపోటీకి చేరలేదు. 2022లో మనవారు గుజరాతీ చిత్రమైన 'ఛెల్లో షో'ను పంపిరి, 'ఆర్.ఆర్.ఆర్.' ఇంటనే నిలిచినది. గుజరాతీ చిత్రమును తక్కువచేయుట న్యాయము కాదు. అది పదునైదు చిత్రముల జాబితాలో చోటు సంపాదించినది. అయినను, సాధారణ విభాగమున స్వయముగా పోటీకి నిలిచిన 'ఆర్.ఆర్.ఆర్.'లోని 'నాటు నాటు' పాటకు 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోసుగార్లు బహుమానమందుకొనిరి. పెరటిచెట్టు మందుకు రాదన్న సామెత మనకు ఊరక పుట్టలేదు.

ఈ ప్రసంగమునకై పాత జాబితాలు తిరుగవేయుచు మేము గ్రహించిన దొక్కటి. ఉపేక్ష యనుకొన్న దానిలో పెక్కుమారులు ద్వేషము లేదు. నియమపు ఇరుకుదనమే యున్నది. ఒక్క పీట వేసి పదిమందిని పిలిచినచో తొమ్మిదిమంది నిలువవలసినదే. అట్లు నిలిచిన కళాకారుడు మాత్రము తన పని తక్కువదనియే తలచి కుమిలిపోవును. ఆ నష్టమును తీర్చగలవారు ప్రేక్షకులే.

తాండూరు బండలు ఎన్ని యిండ్లలో నేలయై పరచియున్నవో! వానికి పతకములెవ్వరును కట్టలేదు. తరములు నడచినకొలది నునుపుదేలుచున్నవి.