అరుగు నుండి తరగతి గదికి: బడివెలుతురు చరిత్ర – దొరవారిసత్రం నేపథ్యం

వ్యాససంగ్రహం: దీపాలు లేని కాలంలో బడివేళలు సూర్యుణ్ణి అనుసరించాయి. చదువు గోడల మధ్యకు చేరాక వెలుతురును కట్టడమే సమకూర్చవలసి వచ్చింది. దీపాల సంఖ్యతో పాటు వెలుతురు పడే దిశ కూడా ముఖ్యమని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వీధిబడి, అరుగు, పగటివెలుతురు, లక్స్, నాడు–నేడు.

1. వీధిబడి
థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణ ఫలితంగా మద్రాసు రాజధానిలో 12,498 బడులు లెక్కకు వచ్చాయి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 నివేదిక ప్రకారం బడి ఉదయం ఆరింటికే మొదలయ్యేది. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు, రెండవవాని చేతిలో సున్న రాసేవారు. ఆ తరువాత వచ్చినవారికి దెబ్బలు. దీన్ని క్రమశిక్షణగా మాత్రమే చూడనక్కరలేదు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఉదయపు ఏటవాలు వెలుగులో ఆ గాళ్ల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకవైపు తెరిచి ఉన్న అరుగు ఆ వెలుగుకు అనువైన చోటు.

2. గది
జర్మనీలో హెర్మన్ కోన్ 10,060 మంది విద్యార్థుల కళ్లు పరీక్షించి, పై తరగతులలో హ్రస్వదృష్టి పెరగడాన్ని గుర్తించి, 1867లో ఆ ఫలితాలను ప్రచురించాడు. చాలని వెలుతురును కారణాలలో ఒకటిగా చూపాడు. కుడిచేతితో రాసేవారికి ఎడమవైపు నుండి వెలుతురు రావాలన్న నియమం ఐరోపా బడి నిర్మాణంలో స్థిరపడింది.

2022లో నెల్లూరు నుండి తిరుపతి జిల్లాలో చేరిన దొరవారిసత్రం సుమారు 13.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన, డిసెంబరులో 37 డిగ్రీల దక్షిణాన ఉంటాడు. కనుక వెలుతురుతో పాటు ఎండనూ లెక్కించాలి. 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ రెండు గదులు, లోతైన వరండా ప్రతిపాదించింది. వరండా ఎండవానలను ఆపుతుంది. ఆకాశపు వెలుతురులో కొంత భాగాన్నీ ఆపుతుంది. అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవనాల మబ్బులో, జల్లుకు కిటికీలు మూసినప్పుడు, ఆ నష్టం లోపలి బల్ల మీది పిల్లలకే ఎక్కువ.

3. లెక్క
భారతీయ ప్రమాణాలు ఆకాశపు వెలుతురును 8,000 లక్స్‌గా తీసుకొని, అందులో 1.9 నుండి 3.8 శాతం తరగతి బల్లపైకి చేరాలంటాయి. అంటే 152 నుండి 304 లక్స్. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ తొలి దశలో 15,715 పాఠశాలలు చేరాయి. ఫ్యాన్లు, ట్యూబులైట్లు అందులో భాగం. అయితే కిటికీ వెలుగు నేరుగా తాకి నల్లబల్ల మెరిస్తే అక్షరాలు కనబడవు. కిటికీకి దూరపు వరుస దీపాలకు వేరే స్విచ్చి లేకపోతే, మబ్బు రోజున ఆ వరుస కోసం గదంతా వెలిగించాలి.

ఉపసంహారం
వీధిబడిలో వెలుతురు ముందు వచ్చినవానికీ వెనుక వచ్చినవానికీ ఒకటే, దెబ్బలలోనే తేడా. గదిలో ఆ సమానత్వం కూర్చునే చోటును బట్టి మారింది. అందుచేత బడివెలుతురును గది నడుమ కాక, కిటికీకి అత్యంత దూరపు బల్ల మీద, మబ్బు పట్టిన నవంబరు రోజున కొలవడం న్యాయం.