పల్నాటి రాయి, పొదుపు లెక్క

పల్నాటి చరిత్ర అనగానే మనకు కారంపూడి రణరంగం, బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తుకొస్తాయి. మన సాహిత్యం దాన్ని దాయాదుల పోరుగా నిలబెట్టింది. విమర్శకులమూ చాలావరకు అక్కడే ఆగిపోయాం. ఆ నేల కింది రాయికి కూడా ఒక చరిత్ర ఉంది.

అది సున్నపురాయి. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు నాగార్జునకొండలో బుద్ధుడి కథలు చెక్కింది దీనిమీదనే. ఉలిదెబ్బలు తిన్న ఆ రాయి తనలోని కర్బనాన్ని ఈనాటికీ దాచుకునే ఉంది. బట్టీలో పడ్డ రాయి గతి వేరు. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీకైనా, మాచర్ల సిమెంటు కొలిమికైనా ఇదే సూత్రం. కాల్చిన బొగ్గు పొగ దీనికి అదనం.

మాచర్లకు సిమెంటు కర్మాగారం 1958లో వచ్చింది. నాగార్జునసాగర్ శంకుస్థాపన జరిగి అప్పటికి మూడేళ్లు. ఆ రోజుల్లో దేశంలో సిమెంటు చాలావరకు తడి పద్ధతిలోనే తయారయ్యేది. రాయిపొడిని నీళ్లతో కలిపి చిక్కటి బురదగా చేసి కొలిమిలోకి పంపేవారు. ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే బోలెడు బొగ్గు తగలబడేది. పొడి పద్ధతి వచ్చాక, బయటికి పోయే వేడిగాలితోనే లోపలికి వచ్చే పొడిని కాచడం సాధ్యమైంది. కిలో క్లింకర్‌కు కావలసిన వేడి దాదాపు సగానికి తగ్గింది. ఇది శాస్త్రం సాధించిన విజయమే. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం అభ్యుదయం కాదు.

అయితే మిగిలిన బొగ్గు ఎటు పోయింది? సిమెంటుపై ప్రభుత్వ నియంత్రణ 1982లో సగం, 1989లో పూర్తిగా తొలగింది. కృష్ణకు ఇరువైపులా కొలుములు పెరిగాయి. దేశంలో టన్ను సిమెంటుకు వెలువడే వాయువు 1996లో సుమారు 1.12 టన్నులు; 2017 నాటికి 0.67కు దిగింది. ఆ కాలంలోనే ఉత్పత్తి దాదాపు నాలుగు రెట్లయింది. గుణించి చూడండి: మొత్తం వాయువు రెట్టింపు దాటింది! ఈ పెరుగుదలంతా పొదుపు వల్లనే అనడం పొరపాటు. ఇళ్లూ, కాలవలూ, వంతెనలూ జనానికి కావాలి. కాని పొదుపైన బొగ్గు పెట్టుబడి చేతిలో తగ్గిన ఖర్చుగా, తగ్గిన ఖర్చు మరో కొలిమిగా మారుతుందన్నది కాదనలేం. ఆవిరియంత్రాల విషయంలో ఈ మాటను ఇంగ్లండులో జెవన్స్ 1865లోనే అన్నాడు.

ఎంత మెరుగైన కొలిమి అయినా బొగ్గునే పొదుపు చేస్తుంది. రాతిలోని 44 పాళ్లను తాకలేదు. వాటిని తగ్గించాలంటే రాయిని కాల్చడమే తగ్గాలి. అందుకే సిమెంటులో విద్యుత్కేంద్రాల బూడిద కలుపుతున్నారు. హరిత సిమెంటు అని బస్తా మీద వేసుకునేది తరచు దీన్నే. ఆ బూడిద ఎక్కడిది? బొగ్గుదే. కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి పొడి కలిపే మరో సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం వచ్చింది. బంకమట్టిని తక్కువ వేడితో కాలిస్తే చాలు, దానిలోంచి ఈ వాయువు రాదు. సున్నపురాయిలో కొంత భాగాన్ని మాత్రం అసలు కాల్చకుండానే విసిరి కలుపుతారు.