బీపీ కాంబినేషన్ మాత్ర: ఒకే మందు రెండుసార్లు పడకుండా..

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావరకు ఉత్తరాంధ్ర మూలాలున్నవే. వైద్యం అక్కడి రైల్వే ఆసుపత్రిలో. సెలవులకు శ్రీకాకుళం వైపు వస్తే ఇక్కడి డాక్టరు మరో చీటీ రాస్తారు. బీపీ మాత్రలతో చిక్కు వచ్చేది ఇలాంటప్పుడే.

కాంబినేషన్ మాత్ర అంటే ఒకే బిళ్లలో రెండు మూడు మందులు. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ జంట 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. బ్రాండు పేరు చివర ‘ఏఎం’ ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసినట్టు. ‘హెచ్’ ఉంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్. పాత ఆమ్లోడిపిన్ ఆపకుండా ‘ఏఎం’ మాత్ర మొదలుపెడితే ఆ మందు రెండుసార్లు పడుతుంది. బీపీ మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, పాదాలు వాయొచ్చు. స్ట్రిప్ మీద బ్రాండు కన్నా ముందు చదవాల్సింది కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు, మిల్లీగ్రాములు. పాత స్ట్రిప్పులన్నీ కొత్త డాక్టరు ముందు పెట్టడం ఇంకా మేలు.

టెల్మిసార్టన్ గర్భిణులు వాడకూడదు. ఇది వాడేవారు డాక్టరును అడగకుండా ‘లో సోడియం’ ఉప్పుకు మారకూడదు. అందులోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ దెబ్బతింటుంది. మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ ముప్పే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరును సంప్రదించాలి.

నైట్ డ్యూటీలో మాత్ర మరిచిపోతే గుర్తొచ్చాక వేసుకోవచ్చు. తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు.