జీసీసీ కొత్త వెర్షన్లు – పాత కోడ్ సవరణ

జీసీసీ కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, అంతవరకు నిక్షేపంగా కంపైల్ అయిన కొన్ని సీ, సీ++ ప్రోగ్రాములు ఎర్రర్లతో ఆగిపోతాయి. చాలాసార్లు తప్పు కోడ్‌లో ముందునుంచీ ఉన్నదే. పాత కంపైలర్ చూసీచూడనట్టు వదిలేసినదే.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన ఈ కంపైలర్ తొలి ఇరవై ఏళ్లలో పలు మార్పులు పొందింది. 2004లో వచ్చిన 3.4లో సీ++ పార్సర్‌ను కొత్తగా రాశారు.

2008 మార్చిలో వెలువడిన 4.3లో సీ++ లైబ్రరీ హెడర్లను ప్రక్షాళన చేశారు. అంతకుముందు ఒక హెడర్ వెంట మరికొన్ని చాటుగా వచ్చేవి. అందువల్ల మెమ్‌కాపీ వంటి ఫంక్షన్లను వాడుతూ, వాటి హెడర్‌ను పేర్కొనని ప్రోగ్రాములు కూడా నడిచిపోయాయి. కొత్త వెర్షన్‌లో అవి ఆగిపోయాయి. పైన ఒక ఇన్‌క్లూడ్ వరుస చేరిస్తే చాలు. ఈ విడుదలకు తోడుగా జీసీసీ బృందం ఒక సవరణ మార్గదర్శిని కూడా ఇచ్చింది. 2015 నాటి జీసీసీ 5 సీ భాషకు సీ11 ప్రమాణాన్ని డిఫాల్ట్ చేసింది.

2020 మేలో వచ్చిన జీసీసీ 10 లింకర్ దశలో చిక్కు తెచ్చింది. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా ప్రకటించిన గ్లోబల్ వేరియబుల్, ఆ హెడర్‌ను చేర్చుకున్న ప్రతి ఫైలులోనూ విడిగా పుడుతుంది. వాటన్నిటినీ ఒకటిగా కలిపేసే పాత అలవాటును జీసీసీ మానేసింది. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, నిర్వచనాన్ని ఒక్క ఫైలులో ఉంచడం సరైన మందు; ‘ఎఫ్‌కామన్’ ఆప్షన్ తాత్కాలిక ఉపశమనం.

అన్నిటికన్నా పెద్ద కుదుపు 2024 మేలో విడుదలైన జీసీసీ 14. ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని 1999 నాటి సీ99 ప్రమాణమే తొలగించినా, జీసీసీ వార్నింగ్‌తో సరిపెడుతూ వచ్చింది. ప్రకటన లేని ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ ఊహించేది. అది నిజానికి పాయింటర్ ఇచ్చేదైతే, 64 బిట్ యంత్రంలో సగం చిరునామా తెగిపోయి ప్రోగ్రాము కూలేది. జీసీసీ 14 దీన్నీ, పొసగని పాయింటర్ రకాలనూ ఎర్రర్లుగా మార్చింది.

కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ప్రమాదం మరింత సూక్ష్మం. ఒక సౌకర్యం ఉందో లేదో తేల్చే చిన్న పరీక్ష ప్రోగ్రాములోనే హెడర్ లోపిస్తే, పరీక్ష విఫలమవుతుంది; స్క్రిప్టు ఆ సౌకర్యం లేదనుకుని ముందుకు సాగుతుంది. ఎర్రర్ ఏదీ కనపడదు, తయారైన ప్రోగ్రాములో మాత్రం ఆ భాగం ఉండదు. రెడ్ హ్యాట్‌కు చెందిన ఫ్లోరియన్ వైమర్ తదితరులు ఫెడోరా ప్యాకేజీలలో ఇటువంటి వాటిని ముందుగానే వెతికి సరిదిద్దారు. ఓపికతో చేసిన ప్రశంసనీయమైన పని అది.

2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15 డిఫాల్ట్‌ను సీ23కి మార్చింది. ఖాళీ బ్రాకెట్లకు ఇప్పుడు ‘ఆర్గ్యుమెంట్లు లేవు’ అని అర్థం. బూల్ కీవర్డ్ కనుక, దాన్ని సొంతంగా టైప్‌డెఫ్ చేసుకున్న పాత కోడ్ చెల్లదు. తిరగరాసే తీరిక లేనివారు జీఎన్‌యూ17 ప్రమాణాన్ని ఆప్షన్‌గా ఇచ్చి కంపైల్ చేస్తున్నారు.