ప్రాజెక్ట్ ఎకో

మారుమూల ఊళ్లలో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు వాళ్ల క్లినిక్‌లోనే, వాళ్ల పేషెంట్ల కేసులనే పాఠాలుగా తీసుకుని మొండి జబ్బుల వైద్యం నేర్పే పద్ధతి ప్రాజెక్ట్ ఎకో. అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో కాలేయ వైద్య నిపుణుడు డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో దీన్ని మొదలుపెట్టారు.

పూర్వరంగం

డాక్టర్ చదువు పట్టాతో ఆగిపోకూడదన్న మాట పాతదే. అమెరికాలో 1947లో ఏర్పడిన జనరల్ ప్రాక్టీసు అకాడమీ, తన సభ్యులు మూడేళ్లకు 150 గంటల శిక్షణ పొందాలని షరతు పెట్టింది. ఆ శిక్షణను లైసెన్సుకు ముడిపెట్టిన మొదటి రాష్ట్రం కూడా న్యూమెక్సికోయే, 1971లో. మన దేశంలో భారత వైద్య మండలి 2002 నియమావళి ఐదేళ్లకు 30 గంటలని చెప్పింది. అయితే గంటల లెక్క ఎవరు హాల్లో కూర్చున్నారో చెబుతుంది కానీ, మర్నాడు ఓపీలో రాసే చీటీ మారిందో లేదో చెప్పదు. ఆ వెలితిని ముందుగా పట్టించుకున్నవారిలో హార్వర్డ్‌కు చెందిన జెర్రీ అవోర్న్ ఒకరు. మందుల కంపెనీల రెప్‌లు డాక్టర్ గదికి వెళ్లినట్టే, శిక్షణ పొందిన ఫార్మసిస్టులను ఆయన క్లినిక్‌లకు పంపారు. అతిగా రాస్తున్న కొన్ని మందుల వాడకం దీనివల్ల 14 శాతం తగ్గిందని 1983లో ప్రచురించారు.

హెపటైటిస్ సి నుంచి

న్యూమెక్సికోలోని అల్బుకర్కీ నగరంలో ఉన్న అరోరా క్లినిక్‌లో హెపటైటిస్ సి రోగులు చూపించుకోవడానికి ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చేది. కొందరు 400 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేవారు. అప్పటి వైద్యం కఠినమైనది. వారం వారం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, దాంతోపాటు రోజూ రిబావిరిన్ మాత్రలు. జీనోటైప్ 1 రకం వైరస్ అయితే 48 వారాలు. మధ్యలో రక్తహీనత రావచ్చు, మనసు కుంగిపోవచ్చు. ఊళ్లో డాక్టర్లు దీని జోలికి వెళ్లడానికి భయపడటంలో ఆశ్చర్యం లేదు.

అరోరా వాళ్లను నగరానికి పిలవలేదు. వారానికోసారి వీడియోలో, ఫోన్లో అందరినీ కలిపారు. ఒక డాక్టర్ తన రోగి పేరు చెప్పకుండా వయసు, వైరస్ రకం, పరీక్షల వివరాలు చదివేవారు. రిబావిరిన్ మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ పడిపోతోంది, డోసు తగ్గించాలా అని అడిగేవారు. కాలేయ నిపుణుడు, ఫార్మసిస్టు, మానసిక వైద్యుడు తలో మాట చెప్పేవారు. మిగతా ఊళ్ల డాక్టర్లు వింటూ తమ అనుభవమూ కలిపేవారు. చివరికి మందు రాసేది మాత్రం ఆ ఊరి డాక్టరే. ఈ పద్ధతి అసలు బలం అదే. రోగిని పైకి పంపేసి చేతులు దులుపుకుంటే డాక్టర్‌కు ఏమీ రాదు. తన రోగిని తానే చూసుకుంటూ నేర్చుకున్నది మాత్రం తర్వాతి పది మందికి పనికొస్తుంది.

ఫలితం

2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 407 మంది రోగుల ఫలితాలు అచ్చువేసింది. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి, 21 ఎకో కేంద్రాల్లో 58.2 శాతం మందికి వైరస్ పోయింది. ఆ 21లో ఐదు జైళ్లు. తీవ్రమైన దుష్ప్రభావాలు విశ్వవిద్యాలయంలో 13.7 శాతం, ఎకో కేంద్రాల్లో 6.9 శాతం. రోగులను చీటీలు తీసి రెండు గుంపులుగా పంచిన అధ్యయనం కాదు కనుక, ఊరి డాక్టరే మెరుగని దీన్నిబట్టి తేల్చలేం. నిపుణుడికి తీసిపోడని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

కొన్నేళ్లకే సోఫోస్‌బువిర్ లాంటి మాత్రలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ అవసరం తీరిపోయింది. వారపు తరగతులు మాత్రం మధుమేహం, వ్యసనాలు, మానసిక రుగ్మతలకూ విస్తరించాయి. 2016లో అమెరికా కాంగ్రెస్ ఎకో పేరుతోనే ఒక చట్టం చేసింది. మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఇదే పద్ధతిలో జిల్లాల డాక్టర్లకు మానసిక వైద్యంలో, వ్యసనాల చికిత్సలో శిక్షణ ఇస్తోంది.